దాచే విద్య

తెలుగులో ‘దాచు’ అనే మాటకు రెండర్థాలున్నాయి. భద్రపరచడం ఒకటి, కనబడకుండా చేయడం మరొకటి. వంటింటి సరుకుల విషయంలో పొదుపునకూ వృథాకూ మధ్యనున్న దూరం ఈ రెండర్థాల మధ్యనే ఉంది.

హైదరాబాదు తూర్పు దిక్కున దిల్‌సుఖ్‌నగర్ నుండి ఎల్.బి.నగర్ మీదుగా విజయవాడ రహదారి సాగిపోతుంది. దానికి ఇరువైపులా ఉన్న కాలనీలలో నల్గొండ ప్రాంతపు పల్లెలనుండి వచ్చి స్థిరపడిన కుటుంబాలు అనేకం. వారి పెద్దల ఇళ్ళలో ధాన్యానికి గుమ్ములు, పప్పులకు మట్టికుండలు, ఊరగాయలకు జాడీలు, పాలు పెరుగులకు ఉట్లు ఉండేవి. కందులకు ఆముదం పట్టించేవారు. బియ్యంలో ఎండిన వేపాకు కలిపేవారు. చింతపండులో గింజలు తీసి, ఉప్పు చేర్చి జాడీకి ఎత్తేవారు. తేమ, పురుగు అనే ఇద్దరు శత్రువులను వారు ఎన్నడూ మరువలేదు.

ఎల్.బి.నగర్‌లో నివసించే ఒక ఇల్లాలు ప్రతి ఆదివారం సరూర్‌నగర్ రైతుబజారుకు వెళ్ళేది. చవకగా దొరికినదల్లా సంచినిండా తెచ్చి ఫ్రిజ్‌లో కుక్కేది. ఊరినుండి వచ్చిన అత్తగారు ఒకనాడు ఆ ఫ్రిజ్ తెరిచారు. అడుగు అరలోనుండి కుళ్ళిన కొత్తిమీర కట్టలు, మెత్తబడిన వంకాయలు, వాడిపోయిన బీరకాయలు ఒక్కొక్కటే బయటకు తీశారు. తాను పండించిన కూరగాయలను గంపకెత్తుకొని ఏళ్ళతరబడి సంతకు మోసిన మనిషి ఆమె. కోప్పడలేదు. “ఇది దాచిపెట్టినట్టు లేదు బిడ్డా, పాతిపెట్టినట్టుంది” అని మాత్రం అన్నారు. కోడలు తలవంచుకున్నది.

ఆ సాయంత్రం ఇద్దరూ కలిసి వంటిల్లు సర్దారు. పాత సరుకు ముందుకు, కొత్తది వెనుకకు చేరాయి. ఉల్లిగడ్డలూ ఆలుగడ్డలూ వేరువేరు బుట్టలలో, గాలి ఆడే నీడపట్టున కుదురుకున్నాయి. కొత్తిమీర వేర్లు కోసి, తడి ఆర్చి, పొడిబట్టలో చుట్టారు. అరటిపండ్లను మిగిలిన కాయలనుండి దూరంగా ఉంచమన్నారు అత్తగారు. పండిన అరటిపండ్లనుండి వెలువడే ఇథిలీన్ అనే వాయువు పక్కనున్న కాయలను త్వరగా పండిస్తుందని కోడలు చదువుకున్నది. ఒకరికి పద్ధతి తెలుసు, మరొకరికి కారణం తెలుసు. మాటిమాటికీ తెరిచే తలుపు దగ్గర చల్లదనం నిలవదు కనుక పాలు లోపలి అరకు మారాయి.

ఫ్రిజ్ గొప్ప సాధనమే. కానీ అది సూక్ష్మజీవుల వేగాన్ని తగ్గిస్తుందే గాని వాటిని చంపదు. అందులో పెట్టామన్న ధీమాయే చాలాసార్లు మరుపునకు మూలం. 2022లో ప్రపంచవ్యాప్తంగా దుకాణాలు, హోటళ్ళు, ఇళ్ళు కలిసి వృథాచేసిన ఆహారం సుమారు 105 కోట్ల టన్నులనీ, అందులో 60 శాతం ఇళ్ళలోనే వృథా అయిందనీ ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2024లో వెల్లడించింది. రైతుకు తన పంటను నేరుగా అమ్ముకునే వీలు కల్పించడానికి 1999లో రైతుబజారులు ఏర్పడ్డాయి. అక్కడ కొన్న కూర చెత్తకుండీకి చేరితే డబ్బుతో పాటు ఆ రైతు చెమట కూడా మట్టిపాలవుతుంది.

తరువాతి ఆదివారం బజారుకు బయలుదేరేముందు ఆ ఇల్లాలు ఫ్రిజ్ తెరిచి, ఉన్నదేమిటో చూసుకున్నది. ఆ పూట సంచి సగమే నిండింది. తెచ్చుకోవడానికి ముందు ఉన్నది చూసుకోవడమే దాచే విద్యలో మొదటి పాఠం.