అటక మీది చిన్న కారు: బొమ్మా, షోరూమ్ నమూనానా?

ఈసారి కొంచెం పొడుగ్గా రాస్తున్నాము, తీరిక ఉన్నప్పుడు చదవండి.

మన సభ్యుల పిల్లలు చాలామంది అమెరికాలో, అందులోనూ డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్నారు. అక్కడ పాత సామాన్ల అమ్మకంలో కొన్న చిన్న కారు ఫోటో పంపి, "అంకుల్, ఇది ఏమిటి?" అని అడుగుతున్నారు. ఇక్కడ కూడా పాత ఇళ్ళు ఖాళీ చేసేటప్పుడు అటక మీద చిన్న కార్లు బయటపడుతున్నాయి. మా ఇంట్లో ఇద్దరికీ ఈ కార్ల పిచ్చి ఎప్పటినుంచో ఉంది కాబట్టి తెలిసినంత చెబుతాము.

రెండో ప్రపంచ యుద్ధం తరువాత అమెరికాలో ఏటా కొత్త మోడల్ కార్లు వచ్చేవి. కంపెనీలు అదే కారును 25వ వంతు సైజులో చేయించి డీలర్లకు అందించేవి. షోరూమ్‌లో రంగు చూపించడానికి, కారు నడిపి చూడడానికి వచ్చినవాళ్ళ పిల్లల చేతిలో పెట్టడానికి అవి పనికొచ్చేవి. వీటిని చేసినవాళ్ళలో ఏఎంటీ 1948లో మొదలైంది. ఆ పేరులో మొదటి అక్షరం అల్యూమినియం. మొదటి ఫోర్డ్ కారును అల్యూమినియం పోత పోసి చేశారు, తరువాత ప్లాస్టిక్‌కు మారారు. ఆ కంపెనీ ఉన్న ఊరు ట్రాయ్, మన పిల్లలు ఇప్పుడు ఇళ్ళు కొంటున్న ట్రాయే. జో-హాన్ డెట్రాయిట్‌ది. క్రైస్లర్ వాళ్ళ టర్బైన్ కారుకు నమూనా చేసింది వాళ్ళే. ఎంపీసీ 1960లలో వచ్చింది. షికాగోలో బాంత్రికో అనే కంపెనీ లోహంతో కారు ఆకారపు హుండీలు చేసేది. వాటికి అడుగున నాణెం వేసే చీలిక ఉంటుంది.

చిక్కు ఎక్కడంటే, ఒకే అచ్చులోంచి మూడు రకాలు వచ్చేవి: డీలరుకు ఇచ్చిన నమూనా, అంగడిలో అమ్మిన బొమ్మ, ఇంట్లో అతికించుకునే కిట్. మేము చదివింది తమిళ బడిలో. తమిళంలో ప, బ రెండింటికీ ఒకే అక్షరం. ఏది పలకాలో అది మాటలో ఎక్కడ ఉందో చూసి తెలుసుకుంటాము. ఈ కార్లు కూడా అంతే. ముఖం ఒకటే, చుట్టూ ఉన్నవి చూడాలి.

మొదట టేపు పెట్టి కొలవండి. 1959 నాటి కాడిలాక్ అసలు పొడవు 225 అంగుళాలు. 25వ వంతు అంటే సరిగ్గా 9 అంగుళాలు. అదే కారు డింకీ, కార్గీ లాంటి బొమ్మల సైజులో 5 అంగుళాలు దాటి కొంచెం ఉంటుంది. మన ఇళ్ళల్లో దొరికేవి చాలావరకు ఈ చిన్న సైజు లోహపు బొమ్మలే. డింకీ వాళ్ళ పాత అచ్చులతో కలకత్తాలో చేసిన నిక్కీ బొమ్మలు కూడా వాటిలో ఉంటాయి. వాటికీ విలువ ఉంది, కానీ అవి షోరూమ్ నమూనాలు కావు.

రెండోది, బోల్తా వేసి అడుగు చూడండి. డీలరు నమూనాకు అడుగున సాధారణంగా ఒకే పలక, స్క్రూలతో బిగించి ఉంటుంది. బానెట్ తెరుచుకోదు, లోపల ఇంజను ఉండదు. ఇరుసుకు పళ్ళచక్రం ఉండి, నేల మీద రుద్ది వదిలితే పరిగెత్తేవి ఎక్కువగా అంగడిలో అమ్మినవి. జిగురు మరకలు, విడి ఇంజను కనిపిస్తే అది కిట్. ఏఎంటీ వాళ్ళు 1958 నుంచి అలాంటి కిట్లు అమ్మారు.

మూడోది రంగు. నమూనాకు కంపెనీ ఆ ఏడాది కార్లకు వేసిన రంగే ఉంటుంది. అట్టపెట్టె మిగిలి ఉంటే పారేయకండి. దాని మీద రంగు పేరు, ఒక్కోసారి డీలరు పేరు ఉంటుంది.

నాలుగోది వంకర. దీనికి ఇక్కడ జరిగినదే చెబుతాము. మన సంఘంలో ఒక అక్కయ్య భర్త పోయిన తరువాత ఇల్లు ఖాళీ చేస్తున్నారు. పెట్టెలో ఏడు కార్లు దొరికాయి. కొనడానికి వచ్చిన మనిషి ఆరింటికి కలిపి 800 రూపాయలు ఇస్తానన్నాడు. నడుము వంగిపోయిన ఏడోదాన్ని చూసి, "ఇది ఎండకు కరిగింది, దీనికి డబ్బు ఏమిటి, ఊరికే ఇచ్చేయండి" అన్నాడట. పనికిరాదన్నదాన్నే సంచిలో వేసుకోబోయే మనిషిని చూస్తే రైల్వే పార్శిల్ గుమాస్తాకు అనుమానం రాదా? అక్కయ్యను రెండు రోజులు ఆగమన్నాము. ఆరూ లోహపు బొమ్మలే. ఏడోది 1950లలో డెట్రాయిట్ వాళ్ళు వాడిన అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసింది. ఆ ప్లాస్టిక్ ఎండలో పెట్టకపోయినా ఏళ్ళు గడిచేకొద్దీ తనంతట తానే వంగుతుంది. 1960ల మొదట్లో వంగని స్టైరీన్ వచ్చింది. అంటే ఆ వంకరే దాని వయసుకు సాక్ష్యం. మనవడు దాన్ని వేడి నీళ్ళల్లో పెట్టి సరిచేస్తానన్నాడు, వద్దని ఆపాము. భర్త మేనమామ చదువుకోవడానికి మిషిగన్ వెళ్ళి తెచ్చాడని అక్కయ్యకు అప్పుడు గుర్తొచ్చింది. అమ్మాలా, ఉంచాలా అన్నది ఆమె ఇష్టం. కానీ ఇప్పుడు తెలిసి నిర్ణయిస్తారు.

ఐదోది, కథను కూడా పరీక్షించండి. జనరల్ మోటార్స్ 1928 నుంచి బొంబాయిలో కార్లు బిగించి, 1954లో మూసేసి వెళ్ళిపోయింది. కాబట్టి 1960ల నాటి షెవర్లే నమూనా చూపించి, "బెంగళూరు షోరూమ్‌లో మా తాతకు ఇచ్చారు" అని ఎవరైనా అంటే, పెట్టె మీద ఆ డీలరు పేరు ఉందా అని అడగండి. అలాంటివి ఎవరో ఒకరి సూట్‌కేసులో వచ్చి ఉండడమే ఎక్కువ సంభవం.

పార్శిల్ ఆఫీసులో సరుకు ఏమిటో రాయకుండా వెల రాయరు. ఇంట్లో పెద్దలు వదిలిపోయిన వస్తువుకైనా అదే పద్ధతి. ముందు అదేమిటో తెలియాలి, ధర మాట ఆ తరువాత.

మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే నాలుగు ఫోటోలు పెట్టండి: ముందు, పక్క, అడుగు, పెట్టె మూత. పక్కన ఒక స్కేలు పెట్టండి. కడగవద్దు, రంగు వేయవద్దు, స్క్రూలు విప్పవద్దు. సంఘం మీటింగుకు తెచ్చేవాళ్ళు మెత్తని బట్టలో చుట్టి తీసుకురండి, కూర్చుని చూద్దాము.