రెండు వరుసల పంచాంగం

69 అక్షరాల వరుస ఒకటి, దాని కింద అలాంటిదే ఇంకొకటి. అంతే! ఆ రెండూ చేతిలో ఉంటే ఫలానా ఉపగ్రహం ఎప్పుడు, ఏ దిక్కున పొడుస్తుందో భద్రాచలం కరకట్ట మీద నిలబడి చెప్పేయవచ్చని మొన్నటిదాకా నాకు తెలియదు. తెలిసిన రాత్రి నిద్ర పట్టలేదు.

ఏళ్ల తరబడి కిన్నెరసాని అడవి అంచునా గోదావరి ఒడ్డునా తలెత్తి చూశాను. కదిలే చుక్క కనబడితే "అదిగో" అనడమే వచ్చు. అదేమిటో, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలిసేది కాదు. హైదరాబాదుకని చెప్పిన వేళలు పట్టుకుంటే, ఇక్కడికి వచ్చేసరికి దాని ఎత్తూ దిక్కూ మారిపోయేవి.

ఆ వరుసల జతను టీఎల్ఈ అంటారు. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానిదే చూడండి. మొదటి వరుసలో దాని నంబరు 25544. పక్కన 98067ఏ, అంటే 1998లో 67వ ప్రయోగంలో వెళ్లినది. తర్వాత, ఈ లెక్క ఏ రోజు ఏ క్షణానికి కట్టిందో ఉంటుంది. రెండో వరుసలో కక్ష్య వాలు 51.6 డిగ్రీలు. అందుకే 17.7 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉన్న మన భద్రాచలం నెత్తి మీదుగానూ పోతుంది. చివర్లో రోజుకు చుట్లు: పదిహేనున్నర! పంచ్ కార్డుల నాటి రాత కాబట్టి ఎక్కడా చోటు వృథా చేయరు. కక్ష్య ఎంత కోలగా ఉందో చెప్పే అంకెల ముందు సున్నా, దశాంశ బిందువు ఉన్నట్టు మనమే చదువుకోవాలి.

అమెరికా సైన్యం రాడార్లతో గమనించి కట్టే ఈ లెక్కలను టి.ఎస్. కెల్సో 1985 నుంచి పంచుతున్నారు, ఇప్పుడు సెలెస్‌ట్రాక్ అనే వెబ్‌సైటులో. డబ్బు అడగరు, ఖాతా తెరవమనరు. కంటికి బాగా కనిపించేవి ఒక జాబితాగా, హామ్ రేడియో ఉపగ్రహాలు ఇంకో జాబితాగా ఉంటాయి. వాటిని జీప్రెడిక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌కిచ్చి, మన ఊరి అక్షాంశ రేఖాంశాలు చెబితే చాలు.

మొదటిసారి నెలల నాటి వరుసలతో కూర్చున్నాను. చెప్పిన వేళకు చుక్క రాలేదు. అప్పుడే అసలు కిటుకు తెలిసింది. ఇది చూసి దిద్దే దృక్ పంచాంగం, కానీ ఏడాది నిలవదు. అంతరిక్ష కేంద్రం తిరిగే 400 కిలోమీటర్ల ఎత్తులోనూ పలచటి గాలి ఉంది. అది కేంద్రాన్ని రోజూ కాస్త కిందికి లాగుతుంది. సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా పరుగెత్తేదానికి ఆ కాస్తే పెద్ద తేడా. చూసే రోజే తాజా వరుసలు దించుకోవాలి!

ఒక ఫిబ్రవరి సాయంత్రం అలాగే చేసి, బాబాయ్‌తో కరకట్ట మీదికి వెళ్లాను. "బాబాయ్, ఏడూ నాలుగుకి నైరుతి వైపు చూడు" అన్నాను. సరిగ్గా ఆ వేళకే గోదావరి అవతల చెట్ల పైన చుక్క లేచింది, నడినెత్తికెక్కేసరికి ధగధగలాడింది.

"రాసిపెట్టినట్టే వచ్చిందిరా!" అన్నాడు బాబాయ్.

నిజంగానే రాసిపెట్టి ఉంది. ఈశాన్యంలో భూమి నీడలోకి జారి ఆరిపోయే క్షణం కూడా నా కాగితం మీద ఉంది. వేలు చూపించాను. ఆరిపోయింది.

"మళ్లీ ఎప్పుడొస్తుంది?"

టార్చి వేసి, కాగితంలో తర్వాతి వేళ చదివి వినిపించాను.