మర చుట్టూ మూడూళ్లు

తెనాలి, బాపట్ల, రేపల్లె... గింజ పుట్టేదొకచోట, ఆడేదొకచోట, వానకు తడిసేది ఇంకోచోట!

సంక్రాంతికి నాలుగు రోజుల ముందు తెనాలిలో ఏ వీధి పిండిమర దగ్గరికైనా వెళ్లి చూడండి. నానబెట్టి వడేసిన బియ్యం గిన్నెలూ స్టీలు క్యాన్లూ వరసలో ఉంటాయి. వాటి వెనక అమ్మలూ అమ్మమ్మలూ. ‘కారం ఆడిన దాంట్లో పొయ్యకు నాయనా, అరిసెలకు’ అని వచ్చినవాళ్లంతా చెప్పేవాళ్లే. కనుబొమల దాకా తెల్లబడిపోయిన మర ఆసామి అందరికీ తలూపుతాడు. తడిపిండికొక మర, కారానికొక మర. ఆ పద్ధతి ఒక్కసారి తప్పితే చాలు, మరుసటి పండక్కి ఆ గిన్నెలన్నీ పక్కవీధికి పోతాయి.

ఆ పిండిమరకు పెద్దన్న రైసుమిల్లు. రేకుల షెడ్డు, లారీ కాటా, వెనక ఊకగుట్ట, బస్తాలు మోసే ముఠా కూలీలు... ఈ మూడూళ్ల మధ్య ఏ దారిన పోయినా ఆ దృశ్యం తప్పదు.

నీళ్లొచ్చాకే మిల్లొచ్చింది

ఇక్కడ ఎప్పుడూ ఇంత పచ్చదనం లేదు. 1832-33లో నందన నామ సంవత్సరంలో గుంటూరు సీమను కరువు ఊడ్చేసింది. జనం దాన్ని డొక్కల కరువు అన్నారు. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు గానీ బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పని మొదలవలేదు. ఆలోచన వెనక ఆర్థర్ కాటన్ ఉంటే, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ ఓర్. 1852లో మొదలైన పని 1855లో పూర్తయింది. పశ్చిమ డెల్టాకు కాలువలు పారాయి. తెనాలి ఊళ్లోంచే మూడు కాలువలు వెళ్తాయి. ‘ఆంధ్రా ప్యారిస్’ అన్న పేరుకు నాటకాలూ సినిమావాళ్లూ ఎంత కారణమో, ఈ నీళ్లు తెచ్చిన డబ్బూ అంతే కారణం.

కాలువంటే పొలానికి నీరే కాదు, అప్పట్లో అదే రోడ్డు కూడా. కొమ్మమూరు కాలువ పెదగంజాం దగ్గర బకింగ్‌హాం కాలువలో కలుస్తుంది. అంటే ఇక్కడి నుంచి పడవ మద్రాసు దాకా పోవచ్చన్నమాట. తర్వాత రైలొచ్చింది. 1916లో తెనాలి నుంచి రేపల్లెకు పట్టాలు పడ్డాయి. ఊరిచుట్టూ వరి, ఊళ్లో జంక్షను. మిల్లు ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

టోపీ తాతకూ తెనాలికీ లంకె!

ఇప్పటి మిల్లులోకి అడుగుపెడితే ముందు చెవులు మూసుకోవాలి. నేలమీది గోతిలో పోసిన ధాన్యం రేకు గొట్టంలోంచి పైకి లేస్తుంది. ఆ గొట్టం లోపల ఒక బెల్టు, దానికి వరసగా బిగించిన చిన్నచిన్న డబ్బాలు. గింజను ముంచుకుని పైకి మోసుకెళ్లి కుమ్మరిస్తాయి. మిల్లువాళ్లు ఎలివేటర్ అనే ఈ ఏర్పాటు కథ అమెరికాలో ఉంది.

1780ల్లో డెలావేర్‌లో ఆలివర్ ఇవాన్స్ అనే ఆయన గోధుమ పిండిమరలో మనిషి బస్తా మోయకుండానే గింజ పైకెళ్లి, పిండిగా కిందికి దిగేలా ఇలాంటి డబ్బాల బెల్టు పెట్టాడు. 1790లో అమెరికా ప్రభుత్వం ఇచ్చిన మూడో పేటెంటు ఆయనదే. చుట్టుపక్కల బ్రాండీవైన్ నది మీద పెద్దపెద్ద మరలన్నీ క్వేకర్లవి. యుద్ధం చేయం, ఒట్టు వేయం, ఆడంబరం వద్దు అనే క్రైస్తవ శాఖ అది. వాళ్లు వచ్చి చూసి, ఇదంతా గిలకల గోల అని కొట్టిపారేశారని చెబుతారు. నమ్మినవాళ్లూ క్వేకర్లే! మేరీల్యాండ్‌లో పటాప్స్‌కో నది ఒడ్డున 1772లో మర పెట్టిన ఎలికాట్ అన్నదమ్ములు ముగ్గురు. చుట్టూ పొగాకు వేసే భూస్వాములను గోధుమకు మళ్లించిన ఘనత వాళ్లది. ఏటి నీళ్లతో రాళ్లు తిరిగే కాలంలోనే రోడ్లు వేసుకుని, బాల్టిమోర్‌లో రేవు కట్టుకుని పిండి పంపారు.

(అన్నట్టు, క్వేకర్ ఓట్స్ డబ్బా మీది టోపీ తాతకూ ఈ మతంవాళ్లకూ సంబంధం లేదు. నిజాయతీకి పేరున్న మాట కదా అని కంపెనీ పెట్టుకుంది, అంతే.)

ఆ పేరు ఊరికే రాలేదు. బేరమాడించి అమ్మడం అబద్ధంతో సమానమని క్వేకర్ వర్తకులు అందరికీ ఒకటే ధర చెప్పేవారు. ఆ మాట డెల్టా రైతు వింటే ముందు నవ్వుతాడు. తర్వాత ‘తరుగు’ సంగతి ఎత్తుతాడు.

తేమ పేరు చెప్పి బస్తాకు ఇన్ని కిలోలని కోసే కోతే తరుగు. మిల్లరు వాదనా కొట్టిపారేసేది కాదు. క్వింటా ధాన్యం పుచ్చుకుంటే పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ప్రభుత్వానికి అప్పగించాలి. ఊక, తవుడు పోను మిగిలేదాంట్లో గింజ తడిగా ఉండి నూకైపోతే నష్టం ఎవరిది? పైగా ధాన్యం దించుకోవాలంటే ముందే బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. ఒకప్పుడు లెవీ ఉండేది. మిల్లరే రైతు దగ్గర కొని, బియ్యంలో 75 శాతం దాకా ప్రభుత్వానికి ఇచ్చి మిగతాది అమ్ముకునేవాడు. 2015 అక్టోబరులో లెవీ పోయింది. ఇప్పుడు చాలా మిల్లులు సర్కారు ధాన్యం ఆడి కూలి తీసుకునేవే. అయినా లెక్క తేలేసరికి తక్కువ పడేది ఎక్కువసార్లు రైతు వైపే. మిల్లు వాకిట బస్తాలతో నిలబడ్డవాడికి వెనక్కి తీసుకెళ్లే ఓపిక ఉండదు మరి.

ఐదు నెలల గింజ

ఇంతకీ ఆడే గింజ ఏది? దాని పుట్టిల్లు బాపట్ల. 1945లో వ్యవసాయ కళాశాల వచ్చిన ఊరది. అక్కడి పరిశోధనలోంచి 1986లో బయటికొచ్చిన బీపీటీ 5204నే సాంబ మసూరి అంటారు. ‘బీపీటీ’ అంటే బాపట్లే. దుకాణంలో బస్తా మీద ఏ బ్రాండు పేరున్నా లోపల ఉండేది చాలాసార్లు ఇదే. సన్నగింజ, మెత్తటి అన్నం. ఒక్కటే చిక్కు... కోతకు రావడానికి దాదాపు 150 రోజులు పడుతుంది. కాలువ నీరొచ్చి నాట్లు పడి గింజ ముదిరేసరికి నవంబరు, డిసెంబరు. తుపాన్లకూ అదే కాలం. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. మిగ్‌జాం తుపాను 2023 డిసెంబరు 5న సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. కోసి పరిచిన పనలు, కుప్పేసిన వరి నీళ్లలో నానాయి. మొలకెత్తిన గింజను ఏ మరా బియ్యం చేయలేదు.

అందుకే 2025 మేలో ప్రకటించిన ‘కమల’ మీద ఇక్కడివాళ్లకు ఆసక్తి. సాంబ మసూరిలోనే జన్యు సవరణ చేసి హైదరాబాద్ వరి పరిశోధనా సంస్థ రూపొందించిన రకం. పదిహేను ఇరవై రోజులు ముందే కోతకొస్తుందంటున్నారు. తుపాను ముందర పదిహేను రోజులంటే మాటలా!

ఆ రోజుల విలువ రేపల్లెలో బాగా తెలుస్తుంది. రైలు అక్కడితో ఆఖరు, కాలువలూ అటే ఆఖరు. ఆ దాపున కృష్ణ ఒడ్డున పెనుమూడి, కిందికి నిజాంపట్నం సముద్రం. పైవాళ్ల పొలాలు తడిశాకే చివరి భూములకు నీరు. నాటు ఆలస్యమైతే కోతా ఆలస్యమే. డిసెంబరులో ఆ వైపు వెళ్తే రోడ్డు సగం మీద ధాన్యం ఎండుతూ కనబడుతుంది. ఆడవాళ్లు కాళ్లతో చాళ్లు తీస్తూ తిరగేస్తుంటారు. మబ్బు కమ్మితే బరకాల కోసం పరుగు. ధాన్యంలో తేమ 17 శాతానికి మించకూడదన్నది నిబంధన. కాటా దగ్గర మిషన్‌లో పిడికెడు గింజలు వేసి, అంకె వచ్చేదాకా రైతూ గుమాస్తా ఇద్దరూ దానివైపే చూస్తుంటారు.