ఆకాశంలో గంట... నేలమీద నాలుగు!

తెరమీద హీరో విమానం ఎక్కుతాడు. అది మబ్బుల్లోకి లేస్తుంది. మరుక్షణం వేరే ఊళ్ళో నల్లకళ్ళద్దాలు సర్దుకుంటూ మెట్లు దిగుతుంటాడు! మధ్యలో క్యూలు, తనిఖీలు, టాక్సీ బేరాలు... అన్నీ ఎడిటర్‌గారి కత్తెరకి బలి. మన ప్రయాణాలకి ఆ కత్తెర దొరకదు. అదీ చిక్కు!

మీర్‌పేట్ నుంచి విజయవాడ సంగతే తీసుకోండి. శంషాబాద్‌లో ఎక్కి గన్నవరంలో దిగాలి. గీత గీసి కొలిస్తే ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరం దాదాపు 265 కిలోమీటర్లు. చిన్న ఏటీఆర్ విమానం గంటకు 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. అంటే అరగంటేగా అంటారు మీరు. కానీ అది రన్‌వే దాకా మెల్లగా దొర్లాలి, పైకెక్కాలి, మళ్ళీ దిగాలి. అందుకే సుమారు గంట పడుతుంది.

ఈ లెక్క నేను సరదాకి వెయ్యలేదు. విజయవాడలో మా అమ్మకి కంటి ఆపరేషన్. ఉదయం 8 గంటలకల్లా నేను పక్కనుండాలి. "విమానంలో రారా, గంటలో వాలిపోతావు" అంది అక్క ఫోన్లో. కాగితం, పెన్సిలు తీసుకుని కూచున్నాను.

మీర్‌పేట్ నుంచి శంషాబాద్ 20 కిలోమీటర్ల పైమాటే. ట్రాఫిక్కుతో కలిపి గంట. తమాషా చూడండి... విజయవాడ మనకి తూర్పున ఉంటే, విమానాశ్రయం నైరుతి మూల! ముందుకెళ్ళడానికి ముందు వెనక్కెళ్ళాలన్నమాట. అక్కడ రెండు గంటల ముందే ఉండమంటారు. గాల్లో ఒక గంట. దిగాక పెట్టె తీసుకుని, గన్నవరం నుంచి ఊళ్ళోకి రావడానికి ఇంకో గంట. వెరసి అయిదు!

మరి బస్సో? ఎల్బీనగర్‌కి ఆటోలో అరగంట. అక్కణ్ణించి చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ మీదుగా అయిదారు గంటలు. తేడా ఎంతని? గంట, మహా అయితే గంటన్నర. పైగా 8 గంటలకి అమ్మ దగ్గరుండాలంటే, విమానం కోసం తెల్లవారుజామున 3 గంటలకే ఇల్లు కదలాలి.

రాత్రి 11 గంటల బస్సెక్కాను. హయత్‌నగర్ దాటాక, 1996లో మొదలైన రామోజీ ఫిల్మ్ సిటీ వచ్చింది. దాన్లో విమానాశ్రయం సెట్టు ఉంది. మీరు సినిమాల్లో చూసే ఉంటారు. విమానం ఎగరని ఆ విమానాశ్రయం పక్కనుంచి హాయిగా కునుకు తీస్తూ వెళ్ళాను. తెల్లారేసరికి బెజవాడ! అమ్మని ఆస్పత్రికి నేనే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను.

అలాగని విమానాన్ని తీసిపారెయ్యకండి సుమా! విశాఖకి ఆకాశమార్గం దాదాపు 510 కిలోమీటర్లు. దూరం రెట్టింపే అయినా, గాల్లో పెరిగేది పావుగంటో ఇరవై నిమిషాలో. నేలమీద ఖర్చయ్యే గంటలు మాత్రం మారవు. బస్సులో అయితే రాత్రంతా పోయి, పొద్దెక్కినా దిగం. అక్కడ విమానానిదే గెలుపు.

కాబట్టి ఎవరైనా "గంటలో వాలిపో" అంటే, ముందు అడగండి... ఏ ఊరికి, ఏ పేట నుంచి అని!