కఱ్ఱ పలుకు

ప్రతి సంవత్సరమును వర్షములు వెనుకబట్టి ఆటస్థలము ఆరగానే బాలురు నాయొద్దకు వచ్చి, "ఏ హాకీ కఱ్ఱ కొనవలెను సార్?" అని యడుగుట వాడుక. శిక్షణ కళాశాలలో నాకు బోధనాపద్ధతులు నేర్పిరి గాని కఱ్ఱను పరీక్షించుట నేర్పలేదు. ఆ విద్యను నేను మన రామగుండములోనే ఒక గని కార్మికునివలన నేర్చుకొంటిని. అదియు ఒక తప్పు చేసిన పిదప.

పూర్వము హాకీ కఱ్ఱ నిజముగా కఱ్ఱయే. వంపును మల్బరీ చెక్కతోను, పిడిని పేముతోను చేసెడివారు. ధ్యాన్‌చంద్ 1928, 1932, 1936 ఒలింపిక్సులలో జయము గొన్నది అట్టి కఱ్ఱలతోనే. నేటి కాంపోజిట్ కఱ్ఱలో చెక్క యుండదు. కార్బను, గాజు, అరామిడ్ అను నారలను రెసిన్ అను జిగురుతో పొరలు పొరలుగా అతికి దానిని చేయుదురు. కార్బను పాలు హెచ్చినకొలది కఱ్ఱ బిఱుసై బంతి వేగముగా పోవును. కాని దెబ్బ యదురు చేతికి తగులును, కఱ్ఱ పెళుసగును. గాజునార కొంత వంగి ఓర్చుకొనును. అరామిడ్ అదురును తగ్గించి, చీలికను అడ్డగించును.

కొన్ని యేండ్ల క్రిందట పదవ తరగతి బాలుడొకడు నన్ను కఱ్ఱ యెంచి పెట్టుమని కోరెను. అతని తండ్రి గనిలో కప్పునకు ఆధారముగా దుంగలు నిలుపు పనివాడు. ఆ యేట పండుగ బట్టలు మానుకొని ఆ సొమ్ము కుమారుని చేతి కిచ్చెను. నేను మెఱుగును, కార్బను పాలును చూచి అంగడిలోకెల్ల బిఱుసైన కఱ్ఱను కొనిపించితిని. చేతులు జివ్వుమనుచున్నవని బాలుడు చెప్పగా, అలవాటగునంటిని. ఒకనాడు రెండు కఱ్ఱలు గట్టిగా తాకి దానిపై చిన్న గీత పడగా, రంగు లేచినదంతే యంటిని.

ఆ సాయంకాలము తండ్రి మొదటి షిఫ్టు దిగి ఆటస్థలమునకు వచ్చెను. కఱ్ఱను చేత గొని, రూపాయి నాణెముతో పిడినుండి వంపువఱకు మెల్లగా తట్టుచు చెవి యొగ్గి వినెను. ఒకచోట ఆగి, మరల తట్టి యిట్లనెను: "సార్, అంతట ఖంగున పలికి ఈ ఒక్క జాగల డొల్లగ పలుకుతున్నది. గనిల కప్పు గిట్ల పలికితే మేం దాని కింద నిలవడం."

రెండు దినములలో పోటీ యుండెను. బాలునికి వేఱొక కఱ్ఱ లేదు. "ఈ యొక్క ఆట కానిండు" అని నేనే యొప్పించితిని. రెండవ భాగమున అతడు బలముగా కొట్టగా, తండ్రి వ్రేలుంచి చూపినచోటనే కఱ్ఱ విఱిగెను. సూదులవంటి నారలు కుడి యరచేత దిగెను. కుట్లు పడెను, అర్ధసంవత్సర పరీక్షలలో అతడు కలము పట్టలేకపోయెను. తండ్రి నన్నొక్క మాటయు ననలేదు. అది నాకు మఱింత బరువైనది.

విద్యార్థులారా, అప్పటినుండి నేను చెప్పుచున్నదిది. కఱ్ఱను ప్రక్కన నిలువుగా ఉంచినపుడు దాని కొన మీ తుంటి యెముక దరికి రావలెను. నియమముల ప్రకారము బరువు 737 గ్రాములకును, పొడవు 105 సెంటీమీటర్లకును మించరాదు. పట్టీలతో సహా అది 51 మిల్లీమీటర్ల వలయమున దూరవలెను. కావున పిడికి పట్టీపై పట్టీ చుట్టి లావు చేయకుడు. 1976 మాంట్రియల్ క్రీడలనుండి ఒలింపిక్ హాకీని కృత్రిమపు పచ్చికపై ఆడుచున్నారు. మనది మొరము నేల. అది వంపు అంచులను అరగదీయును. కావున నేర్చుకొనువారికి కార్బను తక్కువై, గాజునార, అరామిడ్ హెచ్చుగా నున్న కఱ్ఱయే మేలు. అంచునకు కాపుపట్టీ అంటింపుడు.

పట్టునకు చెమటయే శత్రువు. పట్టీ నునుపెక్కగానే మార్పుడు. మార్చునపుడెల్ల దాని క్రింద బీట యున్నదేమో చూడుడు. మన రామగుండపు టెండలో కఱ్ఱను విడిచిపెట్టకుడు. అధికమైన వేడికి జిగురు మెత్తబడును. వారమునకొకసారి నాణెముతో తట్టి వినుడు. పలుకు మాఱినచో, రేపు ఎంత గొప్ప పోటీ యున్నను, ఆ కఱ్ఱను ప్రక్కన బెట్టుడు. తల్లిదండ్రులకు నా మనవి: వెల హెచ్చైనది మీ బిడ్డకు తగినదని తలపకుడు.

ఆ బాలుడు నేడు ఉద్యోగస్థుడు. చేతిలోని మచ్చ మిగిలియున్నది. మొన్న తన తమ్మునికి కఱ్ఱ కొనుటకై నన్ను వెంటబెట్టుకొని పోయెను. అంగడిలో నేను కార్బను పాలెంతయో చదువుచుండగా, అతడు మాటాడక జేబునుండి రూపాయి నాణెము తీసెను.