దవావోలో టెరియాకి

ఒక దేశపు వంటకం మరొక దేశానికి తరలి వెళ్ళినపుడు పేరును నిలుపుకొని రుచిని మార్చుకొనడం లోకంలో తరచుగా జరిగేదే. జపాను భాషలో ‘తెరి’ అంటే నిగనిగ, ‘యాకి’ అంటే కాల్చినది. సోయా సాసు, పంచదార, బియ్యంతో తయారయ్యే మిరిన్, సాకే కలిపి కాచిన రసాన్ని పూసి కాల్చినపుడు చేపముక్కపై వచ్చే మెరుపు వల్లనే ఆ వంటకానికి టెరియాకి అని పేరు వచ్చింది. అదే టెరియాకి ఫిలిప్పీన్స్ గృహిణి చేతిలో గొడ్డు మాంసంతో ఎట్టి రూపం దాల్చినదో చూసే అవకాశం నాకు 2023 వేసవిలో లభించింది.

మా అమ్మాయి దవావో నగరంలో వైద్యవిద్య అభ్యసిస్తున్నది. మన తెలుగు పిల్లలు ఎందరో అక్కడ చదువుతున్న సంగతి పాఠకులకు తెలిసినదే. అమ్మాయి తన ఇంటి యజమానురాలిని ‘తీతా’ అని పిలుస్తుంది. మనం పిన్నిగారూ అన్నట్లే అది. ఆవిడ నన్ను చూడగానే ‘ఆతె’ అన్నది. అంటే అక్క అని అర్థం.

దవావోకు జపానుతో పాత సంబంధమే ఉన్నది. మనీలా తాడు సంగతి మన స్టోర్సు విభాగంవారికి తెలియనిది కాదు. దానికి ముడిసరుకైన అబకా నార అరటిజాతి మొక్క నుండి లభిస్తుంది. ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో ఆ తోటల సాగుకై వేలాది జపనీయులు దవావో పరిసరాలకు వలస వచ్చారు. 1945లో యుద్ధం ముగిసిన పిదప వారిలో అత్యధికులను స్వదేశానికి పంపివేశారు. తీతా మాత్రం ఈ వంటను జపాను ఓడలో పనిచేసి వచ్చిన భర్త ద్వారా నేర్చుకున్నదట.

ఫిలిప్పీన్స్‌లో ‘బిస్టెక్’ అనే వంటకం ఒకటి ఉన్నది. 1898 వరకు మూడు శతాబ్దాలకు పైగా సాగిన స్పెయిన్ పాలన మిగిల్చిపోయిన పేరది. గొడ్డు మాంసాన్ని సోయా సాసులోను, కలమాన్సి అనే చిన్న నిమ్మపండ్ల రసంలోను నానబెట్టి ఉల్లిచక్రాలతో వండుతారు. తీతా తన టెరియాకిని ఈ బిస్టెక్ దారికి మళ్ళించింది.

అరకిలో మెత్తని మాంసాన్ని నార కడ్డంగా పలుచని ముక్కలుగా కోసింది. అరకప్పు సోయా సాసు, మూడు పెద్ద చెంచాల బెల్లపు రంగు పంచదార, ఎనిమిది కలమాన్సిల రసం, ఆరు వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం, మిరియాల పొడి కలిపి అరగంట నానబెట్టింది. సోయా సాసులోనే ఉప్పు ఉన్నది కనుక వేరే ఉప్పు వేయలేదు. బాగా కాగిన పెనంపై ముక్కలను కొద్దికొద్దిగా వేసి, రెండు వైపులా ఎర్రబడగానే తీసివేసింది. ఒకేసారి అన్నీ వేస్తే నీరూరి ఉడుకుతాయే గాని వేగవు. మిగిలిన రసాన్ని అదే పెనంలో మరిగించి, చిక్కబడి మెరుపు రాగానే ముక్కలను తిరిగి వేసి, పైన ఉల్లిచక్రాలు పరచింది.

వెల్లుల్లి వేగుతున్న వేళ తీతా వంటింటి కిటికీలు రెండూ బార్లా తెరిచింది. పొరుగింటావిడ అవతలి నుండి ఏదో అడిగి నవ్వింది. కాసేపటికి ఒక గిన్నె గోడ దాటి వెళ్ళింది.

మా పుట్టింట పెద్దకూర ఆదివారపు వంట. పొయ్యి వెలిగించే ముందు మా అమ్మ కిటికీ మూసేది. పెళ్ళయి క్వార్టర్సుకు వచ్చిన తరువాత నేనూ మూసేదాన్ని. మమ్మల్ని ఎవరూ ఒక్క మాట అన్నది లేదు. ఎవరూ అడగని ప్రశ్నకు ముందుగానే జవాబు సిద్ధం చేసుకొనే అలవాటది. ఆ గిన్నె వంక నేను చూస్తూండడం గమనించి మా అమ్మాయి, “అమ్మా, ఇక్కడ వాసన బట్టి మనమెవరమో ఎవరూ లెక్కకట్టరు” అన్నది. పరదేశంలో బిడ్డ ఎలా ఉన్నదో అన్న బెంగ నాకు ఆ మాటతో చాలావరకు తీరింది.

తిరిగి వచ్చాక ఆ వంట నేనూ చేశాను. కలమాన్సికి బదులు రెండు వంతుల నిమ్మరసం, ఒక వంతు కమలారసం సరిపోయాయి. మన వైపు దొరికే గేదె మాంసం కాస్త ముదురు గనుక, ఒక చెంచా పచ్చి బొప్పాయి ముద్దను పట్టించి అరగంట ఉంచాను. అంతకు మించితే ముక్క పిండి అవుతుంది. కిటికీ తెరిచే ఉంచాను.

“వదినా, ఏమిటా ఘుమఘుమ?” అని పక్క క్వార్టరు ఆవిడ పలకరించింది. వారు శాకాహారులు. పెద్దకూర అనే చెప్పాను. ఆమె ఒక్క క్షణం ఆగి, “ముక్కల సంగతి అలా ఉంచండి, ఆ రసం ఎలా చేశారో రాసివ్వండి” అన్నది. మరుసటి ఆదివారం ఆమె దానిని పుట్టగొడుగులతో వండి మా ఇంటికి ఒక గిన్నె పంపింది. మెరుపు మాత్రం తీతా చేసినట్లే వచ్చింది.