గాయాల గుర్తులతోనే వెళ్లాడు

ఎ.కొండూరు,
30 మే 2025.

ప్రియమైన స్నేహితుడికి,

ఆ గల్ఫ్ ఎండల్లో నీ ఆరోగ్యం కోసం రోజూ ప్రార్థన చేస్తున్నాం.

నిన్న ఆరోహణ గురువారం. సాయంత్రం ఆరాధనకి కొద్దిమందే వచ్చారు. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ మందిరం పట్టనంత జనం ఉంటారు గానీ, ఈస్టర్ నుంచి నలభయ్యో రోజున వచ్చే ఈ పండుగ సంగతి చాలా ఇళ్లలో గుర్తే ఉండదు. అయినా ఇది చిన్న సంగతి కాదు. ఆనాటి సంఘ పెద్దలు నైసీయ విశ్వాస ప్రమాణం రాసుకుని ఈ ఏటికి 1700 ఏళ్లు. క్రీ.శ. 325లో రాసిన ఆ కాసిని మాటల్లో కూడా ప్రభువు పరలోకానికి ఎక్కి వెళ్లాడన్నది వాళ్లు విడిచిపెట్టలేదు.

మొన్న ఫోన్‌లో నువ్వు అడిగావు కదా: "చావుని గెలిచి లేచినవాడు ఇక్కడే ఉండిపోవచ్చుగా? పైకి వెళ్లిపోతే కింద మా అమ్మ గోడు ఎవరు వింటారు?" అని. అది ఫోన్‌లో తేల్చే మాట కాదు, అందుకే ఉత్తరం రాస్తున్నాను.

లూకా సువార్త చివర చూడు. ప్రభువు శిష్యుల్ని బేతనియ దాకా తీసుకెళ్లాడు, చేతులెత్తి దీవించాడు, దీవిస్తూ ఉండగానే వాళ్లను విడిచి పైకి వెళ్లాడు. చేతులు దించాడని లూకా ఎక్కడా రాయలేదు. ఏ చేతులవి? మేకులు దిగిన చేతులు, తోమాకు చూపించిన చేతులు. మరియమ్మ కడుపున పుట్టి తెచ్చుకున్న ఒంటిని ఆయన ఇక్కడ వదిలేసి పోలేదు. ఆకలి, అలసట, కన్నీళ్లు ఎరిగిన మనిషిగానే తండ్రి కుడిపక్కన కూర్చున్నాడు. అర్జీ పట్టుకుని కలెక్టరాఫీసుకి వెళ్లిన పేదవాడికి, లోపల కూర్చున్నది తన ఊరి మనిషే అని తెలిస్తే ఎంత ధైర్యం! హెబ్రీ పత్రిక మనకిచ్చే ధైర్యం అదే. మన బలహీనత తెలిసిన ప్రధాన యాజకుడు ఉన్నాడు, మనకోసం విజ్ఞాపన చేయడానికే బతికి ఉన్నాడు అంటుంది.

ఈ వారం మీ అమ్మకి తోడుగా డయాలసిస్‌కి నేనే వెళ్లాను. ఎడమ చేతికి డయాలసిస్ కోసం ఫిస్టులా చేసినచోట నరం బాగా ఉబ్బింది, సూదులు గుచ్చిన మచ్చలు వరసగా ఉన్నాయి. అక్కడ వేలు ఆనిస్తే లోపల నెత్తురు జుమ్మని పారడం తెలుస్తుంది. నీళ్లు కొలతగా తాగాలన్నారు కదా, ఈ రోహిణి ఎండల్లో గుక్కెడు నీళ్లు నోట్లో పోసుకుని చాలాసేపు అలాగే ఉంచుకుంటోంది. "అత్తా, కష్టంగా ఉందా?" అంటే, "నాకేం కాదులే, ఫోన్‌లో ఏడవొద్దని వాడికి చెప్పు" అంది. సిలువ మీద దాహమన్నవాడికి ఆ దాహం తెలియదనుకోకు. పైన ఉన్నవాడి చేతులకీ గుర్తులున్నాయి.

మరి ఆయన పైకి వెళ్లడం దేనికంటావా? లాజరు చనిపోయినప్పుడు మార్త ఏమంది? నువ్వు ఇక్కడ ఉండి ఉంటే నా సహోదరుడు చనిపోయేవాడు కాదంది. ఒంటితో తిరిగినంత కాలం ఆయన ఒక ఊళ్లో ఉంటే ఇంకో ఊళ్లో లేడు. అందుకే తాను వెళ్లడమే మీకు మేలని ముందే చెప్పాడు. ఆరోహణమైన పది రోజులకి పెంతెకొస్తు, ఆత్మ కుమ్మరింపు. ఇవాళ నీ గల్ఫ్ గదిలోనూ మీ అమ్మ మంచం పక్కనా ఉన్నది ఆ ఒక్క ప్రభువే. శిష్యులు యెరూషలేముకి ఏడుస్తూ కాదు, గొప్ప సంతోషంతో తిరిగి వెళ్లారని లూకా రాశాడంటే కారణం ఇదే.

ఇంకో మాట. ఆకాశం వంక చూస్తూ నిలబడ్డ శిష్యుల్ని తెల్లబట్టలు వేసుకున్న ఇద్దరు మనుషులు, ఎందుకలా చూస్తున్నారని అడిగారు. శిష్యులు కొండ దిగి, మేడగదిలో ప్రార్థనకు కూర్చున్నారు. తర్వాత ఆ సంఘమే విధవరాళ్ల భోజనానికి మనుషుల్ని ఏర్పాటు చేసింది. మన మండలంలో తండాల వాళ్లను కిడ్నీ జబ్బు ఏళ్ల తరబడి పీడిస్తోంది, తాగిన బోరు నీళ్ల మీదే అందరికీ అనుమానం. ఆయన పైన రాజుగా ఉన్నాడని నమ్మేవాళ్లు కింద ఆ జనానికి అండగా నిలబడాలి, వాళ్లు ఏ దేవుణ్ణి కొలిచినా సరే. అందుకే మన మందిరం కుర్రాళ్లు వంతులు వేసుకుని, ఆసుపత్రికి వెళ్లేవాళ్లకి తోడు పోతున్నారు.

జూన్ 8న పెంతెకొస్తు. అప్పటిదాకా రోజూ రాత్రి ఎనిమిదింటికి మీ ఇంట్లోనే ప్రార్థన పెట్టుకున్నాం. అక్కడ పని దిగగానే నువ్వూ ఫోన్‌లో కలువు. హెబ్రీ నాలుగో అధ్యాయం చివరి మూడు వచనాలు మీ అమ్మకి నీ గొంతుతోనే చదివి వినిపించు. సెలవు దొరికితే వచ్చెయ్యి, వంతుల పట్టీలో నీ పేరూ రాస్తాం.

ప్రభువులో,
నీ స్నేహితుడు